పీఠిక కింద 1897 అని ఉన్నంత మాత్రాన అది తొలి ముద్రణ కాదు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పి, తరవాత సమాధానానికి వస్తాను. మీ తాతగారి ట్రంకు పెట్టెలో ‘కన్యాశుల్కం’ పాత ప్రతి ఒకటి దొరికింది. ముందు అట్ట, ముఖపత్రం (పుస్తకం పేరు, ప్రచురణ వివరాలు ఉండే లోపలి తొలి పుట) ఊడిపోయాయి. లోపల ఇంగ్లీషు పీఠిక కింద 1897 అని ఉంది. వెనక అట్ట మీద వెల రు. 2-8-0 అని ఉంది. ఇది తొలి ముద్రణేనా, దీనికి ఎంత ధర పలుకుతుంది, బైండింగు చేయించవచ్చా, అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపవచ్చా, ఇలాంటి పుస్తకాలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ముప్పయ్యేళ్లకు పైగా పాత తెలుగు పుస్తకాలు కొంటూ, మోసపోతూ, అప్పుడప్పుడు అదృష్టం కలిసివచ్చి సంతోషిస్తూ ఉన్నవాడిని కనుక తెలిసినంత వరకు చెబుతాను.

మీ ప్రతి తొలి ముద్రణ కాదనే నా అభిప్రాయం. నిరుత్సాహపడకండి, కారణం వినండి. విజయనగరంలో 1892లో ప్రదర్శించిన ఈ నాటకాన్ని గురజాడ అప్పారావు 1897లో మొదటిసారి అచ్చు వేయించారు. పన్నెండేళ్ల తరవాత, 1909లో, రెండవ కూర్పు తెచ్చారు. అది తప్పులు దిద్దిన పునర్ముద్రణ కాదు, దాదాపు కొత్త నాటకం. మనం నేడు చదివే, ఆడే, మాటకు ముందు ఉదాహరించే ఏడంకాల కన్యాశుల్కం ఆ 1909 నాటిది. తొలి కూర్పు దానికన్నా చాలా చిన్నది. అందులో మధురవాణికి ఇంత విస్తారమైన పాత్ర లేదు. ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, రెండవ కూర్పు వంశానికి చెందిన తరవాతి ముద్రణలు చాలా వాటిలో మొదటి కూర్పు పీఠికను కూడా రెండవ దానితో పాటే ముద్రిస్తూ వచ్చారు. ముఖపత్రం లేని ప్రతిలో మొదట కనబడేది ఆ 1897 పీఠికే. దాన్ని చూసి గుండె వేగం పెరిగినవారిని నేను కనీసం అయిదారుగురిని ఎరుగుదును, వారిలో మొదటివాణ్ణి నేనే. మీరు చేయవలసిన పరీక్ష చాలా సులభం: ఆ పీఠిక తరవాత మరో పీఠిక ఉందా, నాటకం ఏడంకాల వరకు సాగిందా చూడండి. ఏడవ అంకం ఉంటే మీ చేతిలో ఉన్నది మలి కూర్పు పాఠమే, సందేహం అక్కర లేదు.

పీఠిక తేదీకి, పుస్తకం అచ్చయిన తేదీకి మధ్య ఎంత దూరం ఉండవచ్చునో చెప్పడానికి ఇంకో ఉదాహరణ చాలు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు చలం రాసిన యోగ్యతాపత్రం 1940 నాటిది, పుస్తకం వెలువడింది 1950లో. పీఠికను బట్టి తేదీ వేసేవాడు ఇక్కడ పదేళ్లు వెనక్కి పోతాడు. కనుక పీఠిక తేదీ చెప్పేది ఒక్కటే: పుస్తకం అంతకు ముందు అచ్చయి ఉండదు. ఎంత తరవాత అచ్చయిందో అది చెప్పదు.

మరి తేదీ దేన్ని బట్టి తేల్చాలి? మీ ప్రతి వెనక అట్టే మీకు సగం సమాధానం ఇచ్చింది. రు. 2-8-0 అంటే రెండు రూపాయల ఎనిమిది అణాలు. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆపైన కొన్నేళ్లు వెలను ‘నయా పైసలు’ అని రాసేవారు, 1964 జూన్ నుంచి ‘నయా’ పోయి ఉత్త పైసలు మిగిలాయి. అంటే అణాల్లో వెల ఉన్న పుస్తకం ఇంచుమించుగా 1957కు ముందుది, ‘న.పై.’ అని ఉన్నది ఆ ఏడెనిమిదేళ్ల లోపుది. ఇంచుమించుగా అని ఎందుకు అంటున్నానంటే, పాత అట్టలు మిగిలిపోయిన ప్రచురణకర్తలు వాటినే వాడుకుని కొత్త వెలను రబ్బరు ముద్రతో వేసిన ప్రతులు నా దగ్గరే రెండున్నాయి. చిరునామాలో పిన్‌కోడు ఉంటే ఆ అట్ట 1972 ఆగస్టు తరవాతిది. బెజవాడ అని ఉందా విజయవాడ అని ఉందా, చెన్నపురి అని ఉందా మద్రాసు అని ఉందా అన్నది కూడా చూడదగిందే కానీ, ఊరి పేర్ల విషయంలో ముద్రాపకులు తమ అలవాటును అంత త్వరగా మార్చుకోలేదు కనుక దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

పాత పుస్తకాలలో సంవత్సరాన్ని అంకెల్లో ఇవ్వక, ప్రభవాది అరవై పేర్లలో ఒకటి మాత్రమే ఇవ్వడం కద్దు. ‘విజయ’ అని ఉంటే అది 1833 కావచ్చు, 1893 కావచ్చు, 1953 కూడా కావచ్చు. ‘హేవిళంబి’ అని ఉంటే 1837, 1897, 1957. (2017లో ఆ పేరు హేవిళంబియా హేమలంబమా అని వాదించుకున్నవారికి ఈ లెక్క గుర్తుండే ఉంటుంది.) ఏ ఆవృత్తమో, అంటే ఏ అరవయ్యేళ్ల చుట్టులోదో, తేల్చేది అచ్చు తీరు. పదాల మధ్య ఖాళీ లేకుండా పద్యమూ వచనమూ కలగలిపి గుదిగుచ్చినట్టు పోయిన అచ్చు, తెలుగు అంకెల్లో పుటసంఖ్యలు, మందపాటి గుడ్డపీలికల కాగితం అయితే అది మొదటి ఆవృత్తం వైపు మొగ్గుతుంది. శాలివాహన శకం ఇస్తే 78 కలపాలి, ఆ సంవత్సరం చివరి నెలలయితే 79. నైజాము రాజ్యంలో అచ్చయిన వాటిలో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపాలి. ఫసలీ 1344 అంటే 1934-35. ముఖపత్రం మీదనో దాని వెనకనో 1867 సంవత్సరపు 25వ ఆక్టు ప్రకారం రిజిస్టరు అయినట్టు ఒక పంక్తి కనిపిస్తే ఆ పుస్తకం 1867కు ముందుది కాదని తేలికగా తేల్చుకోవచ్చు. ఆ చట్టం మనకు ఇంకొక మేలు కూడా చేసింది. ప్రతి పుస్తకం మీద ముద్రాపకుని పేరు, అచ్చయిన చోటు ఉండాలని, ప్రభుత్వానికి ప్రతులు ఒప్పజెప్పాలని అది నిర్బంధించింది. అలా వచ్చిన పుస్తకాల జాబితాలను మూడు నెలలకొకసారి గెజిట్లో ప్రకటించేవారు. ఒక పుస్తకానికి మొదటి ముద్రణ ఎప్పుడు జరిగింది, ఎన్ని ప్రతులు వేశారు అన్న వివాదం వచ్చినప్పుడు ఆ జాబితాలే ఇప్పటికీ చివరి సాక్ష్యం.

‘కూర్పు’, ‘ముద్రణ’ అన్న రెండు మాటలను పాతవాళ్లు ఒకదాని బదులు ఒకటి వాడిన సందర్భాలు ఉన్నా, సేకరించేవాడు మనసులో వాటిని విడిగా పెట్టుకోవాలి. పాఠం మారితే కూర్పు మారినట్టు. పాఠం అదే ఉండి మళ్లీ అచ్చు గుద్దితే అది ముద్రణ. ఇంగ్లీషు పుస్తకాల సేకర్తలు తొలి కూర్పు తొలి ముద్రణ కోసం ప్రాణం పెడతారు. ఆ సూత్రాన్ని కళ్లు మూసుకుని మన పుస్తకాలకు వర్తింపజేస్తే అసలు విలువైన ప్రతిని వదిలేసి పోతామని నా అనుభవం. దీనికి ‘రాధికా సాంత్వనము’ను మించిన ఉదాహరణ లేదు. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని రచించిన ఈ కావ్యం 1887లో అచ్చయింది. కాలాన్ని బట్టి చూస్తే తొలి ముద్రణ అదే. కానీ అందులో కొన్ని పద్యాలు, కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగాలు ఎగిరిపోయాయి. అది గమనించిన బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో ప్రచురణకర్తలు వావిళ్లవారి ద్వారా సమగ్రంగా అచ్చు వేయించారు. ప్రభుత్వం దాన్ని అశ్లీలమని నిషేధించింది. నిషేధం తొలగిన తరవాత 1952లో మళ్లీ అచ్చయింది. ఈ మూడింటిలో ఏది ‘మొదటిది’ అని నన్ను అడిగితే, కావ్యం పూర్తిగా మొదటిసారి అచ్చులో కనిపించింది 1910 ప్రతిలోనే కనుక నా ఓటు దానికి. పైగా జప్తులను తప్పించుకుని మిగిలిన ప్రతి అంటే దానికి వేరే చరిత్ర ఉన్నట్టే.

అలాగే ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన యాత్ర చేసింది 1830-31లో, పుస్తకం మొదట అచ్చయింది 1838లో, మళ్లీ 1869లో, ఆ తరవాత దిగవల్లి వేంకట శివరావుగారి సంపాదకత్వంలో 1941లో. 1838 ప్రతి మీకూ నాకూ సంతలో దొరుకుతుందనుకోవడం అత్యాశ. 1941 ప్రతి ఓపిక పట్టినవారికి దొరుకుతుంది. శివరావుగారు చేర్చిన పీఠిక, వివరణల వల్ల చదవడానికి, వాడుకోవడానికి అదే ఎక్కువ పనికివస్తుంది. నేను దాన్ని మూడవ కూర్పు అని తక్కువ చేసి చూడను.

బ్రౌను నిఘంటువు విషయంలో మోసాలు, మోసం కాని పొరపాట్లు లెక్కకు మించి జరుగుతాయి. సి.పి. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. 1903లో వెంకటరత్నం, కేంబెల్, కందుకూరి వీరేశలింగం కలిసి దాన్ని పెంచి, సవరించి రెండవ కూర్పు తెచ్చారు. ఇటీవలి దశాబ్దాలలో వచ్చిన పునర్ముద్రణలు పాత పుటలను ఫొటో తీసి వేసినవి కనుక, వాటి లోపలి ముఖపత్రం పాతదే ఉంటుంది. ఆఫ్‌సెట్ అచ్చును గుర్తుపట్టడానికి వేలి కొన చాలు. సీసపు అచ్చుతో వేసిన పాత పుటను వెనక నుంచి తడిమితే అక్షరం నొక్కుకున్న జాడ సన్నగా తగులుతుంది. ఫొటో తీసి వేసిన దాన్లో పుట నునుపుగా ఉంటుంది, అక్షరాల అంచులు భూతద్దంలో కాస్త పొగచూరినట్టు కనిపిస్తాయి. ఎవరైనా ఫోనులో ఫొటోలు పంపి బేరం పెడితే, పుటను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని ఇంకొక ఫొటో తీసి పంపమనండి. పంపకపోతే బేరం అక్కడితో ఆపండి.

పుస్తకం చేతికి వచ్చాక ధర అడగకముందు చేయవలసింది ఫారాలు లెక్కపెట్టడం. ఒకే కాగితం మీద అచ్చయి మడిచిన పుటల కట్టను ముద్రాపకులు ఫారం అంటారు. ప్రతి ఫారం మొదటి పుట అడుగున చిన్న అంకె గాని అక్షరం గాని ఉంటుంది. ఆ అంకెలు వరుసలో ఉన్నాయా, మధ్యలో ఏదైనా ఎగిరిపోయిందా చూడాలి. పుటసంఖ్యలు చూస్తే చాలదా అంటారేమో, పీఠికలకు, విషయసూచికకు, చివరి తప్పొప్పుల పట్టికకు విడి సంఖ్యలు ఉంటాయి లేదా అసలు ఉండవు, ఊడిపోయేవీ అవే. తప్పొప్పుల పట్టికను చిల్లర కాగితంగా చూడకండి. అందులోని తప్పులు లోపలి పాఠంలో అలాగే ఉన్నాయా, దిద్దబడ్డాయా అన్న ఒక్క పరీక్షతో రెండు ముద్రణలను వేరుచేసిన సందర్భాలు నాకు ఉన్నాయి. అట్ట లోపలి వైపు, వెనక వైపు ఉండే ‘మా ఇతర ప్రచురణలు’ జాబితా కూడా అటువంటిదే. తేదీ లేని పుస్తకం వెనక 1936లో వచ్చిన పుస్తకపు ప్రకటన ఉంటే ఆ అట్ట 1936 తరవాతిదే కదా.

ఇప్పుడు బైండింగు సంగతి. దయచేసి చేయించకండి. ఇరవై ఏళ్ల క్రితం విజ్ఞాన చంద్రికా గ్రంథమాలకు చెందిన ఒక పుస్తకం ఆదివారం నాడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఇంటర్మీడియెట్ గైడ్ల కింద నలిగిపోతూ దొరికింది. కాగితపు అట్ట అంచులు చిరిగినా మొత్తం ఉంది. ముఖపత్రం మీద ఎవరో తన చెల్లెలికి పెళ్లి కానుకగా ఇస్తున్నట్టు గోధుమరంగుకు తిరిగిన సిరాతో రాసిన రెండు పంక్తులు, పుటల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న ప్రశ్నలు ఉన్నాయి. ఆ చెల్లెలు రాసినవే అని నా ఊహ. నేను ఆత్రపడి దాన్ని ఒక బైండరుకు ఇచ్చాను. వారం తరవాత ఎర్ర కాలికోతో, బంగారు అక్షరాలతో మెరిసిపోతూ తిరిగి వచ్చింది. అట్ట లేదు, చిరిగిపోయిందని పారేశాడట. మూడు వైపులా అంచులు కోసేశాడు. పక్కన ఉన్న పెన్సిలు ప్రశ్నలు సగం సగం మిగిలాయి. ‘ఇది ని’ దగ్గర ఒక ప్రశ్న తెగిపోయింది, అది నిజమా అన్నదో, నిలుస్తుందా అన్నదో ఇక ఎవరికీ తెలియదు. తప్పు ఆయనది కాదు, అంచులు కోసి ఇవ్వడమే ఆయన నేర్చిన పని. కోయవద్దని చెప్పకపోవడం నా తప్పు.

అంత కంటె మంచి మార్గం, ఆమ్లం లేని మందపాటి కాగితంతో పుస్తకం కొలతకు ఒక పెట్టె చేయించి అందులో బల్లపరుపుగా పడుకోబెట్టడం. విడిపోయిన పుటలను వరుస చెడకుండా లోపలే ఉంచండి. పారదర్శకపు టేపు మాత్రం ఎప్పుడూ వేయకండి. పదేళ్లలో దాని జిగురు పసుపుపచ్చని మరకగా మారి అక్షరాలను తినేస్తుంది. అతకక తప్పకపోతే గోధుమ పిండి గంజితో, సన్నని జపాను కాగితంతో అతికే నేర్పరి చేత చేయించాలి, అది తిరిగి ఊడదీయడానికి వీలైన అతుకు. లామినేషన్ అన్న మాట నా ముందు ఎత్తకండి. తెలుగు దేశపు తేమలో, ముఖ్యంగా కోస్తాలో, పుస్తకానికి గాలి ఆడకపోతే బూజు ఖాయం. వసకొమ్ము, ఎండిన వేపాకు వంటి పాత పద్ధతులు పురుగును కొంత దూరం పెడతాయి కానీ చెదను ఆపలేవు. చెదకు మందు ఒక్కటే, అలమరను గోడకు ఆనించకుండా, నేలకు తాకకుండా ఉంచి నెలకొకసారి పుస్తకాలన్నీ కదిలించడం. ఒక వింత గమనించే ఉంటారు: 1840ల నాటి పుస్తకం పుట ఇప్పటికీ మెత్తగా వంగుతుంది, 1940ల నాటిది ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. మొదటిది గుడ్డపీలికల కాగితం, రెండవది కలపగుజ్జు కాగితం, పైగా యుద్ధకాలపు కాగితపు కరువులో దొరికినదేదో వాడారు. కనుక మీ అలమరలో ముందుగా కాపాడవలసినవి అన్నిటికన్నా పాతవి కాకపోవచ్చు.

ధర గురించి అడిగారు. తెలుగు పాత పుస్తకాలకు స్థిరమైన వేలం సంప్రదాయం లేదు, అందువల్ల నమ్మదగిన ధరల పట్టిక కూడా లేదు. చిత్తుకాగితాల కొట్టులో కిలో లెక్కన పోయే పుస్తకమే, అది కావలసిన పరిశోధకుడు ఎదురుపడితే వేలకు పోతుంది. అంతర్జాలంలో అమ్మకందార్లు పెట్టే అంకె వారి ఆశను చెబుతుందే తప్ప, ఎవరైనా ఇచ్చిన ధరను చెప్పదు. మీ ప్రతికి ముందు అట్ట, ముఖపత్రం లేవు కనుక అమ్మితే పెద్దగా రాదు. తాతగారి పేరు, చేవ్రాలు ఏ పుటలోనైనా ఉంటే అమ్మే ఆలోచనే మానుకోండి.

మొదలుపెట్టడం విషయానికి వస్తే, ‘పాత పుస్తకాలు’ అని సేకరించేవారి ఇల్లు రెండేళ్లలో గోదాము అవుతుంది. ఏదో ఒక గీత గీసుకోండి: ఒక రచయిత, ఒక గ్రంథమాల, ఒక ఊరి ముద్రణాలయం, లేదా మీ జిల్లా గురించి వచ్చిన పుస్తకాలు. కొనడానికి ముందు చూడటం నేర్చుకోవాలి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో సుల్తాన్‌బజారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల కూర్చుని, మీరు వెదుకుతున్న పుస్తకపు నిజమైన తొలి ప్రతి ఎలా ఉంటుందో చేతితో పట్టుకుని చూడండి. ఆర్కైవ్ సైటులో స్కాన్లు దొరుకుతాయి, పాఠం పోల్చుకోవడానికి అవి ఎంతో పనికివస్తాయి, అయితే స్కాను చేసినవారు తరచుగా వదిలేసేది సరిగ్గా మనకు కావలసిన అట్టలనే. కొనేటప్పుడు గ్రంథాలయ ముద్రలున్న ప్రతి వస్తే, ఆ గ్రంథాలయం దాన్ని జాబితా నుంచి తొలగించినట్టు మరో ముద్ర ఉందా చూడండి. లేకపోతే తీసుకోకండి, వీలైతే ఆ గ్రంథాలయానికి కబురు చేయండి. లోపల ఏదో ఒక నిర్ణీత పుటలో రహస్యంగా ఇంకో ముద్ర వేసే అలవాటు చాలా గ్రంథాలయాలకు ఉంది, కనుక ముందు పుట చింపేసినంత మాత్రాన దొంగ సరుకు దాగదు.

పత్రికలను కూడా చిన్నచూపు చూడకండి. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ పుస్తకంగా 1880లో వచ్చినా, అంతకు ముందే ‘వివేకవర్ధని’లో ధారావాహికగా వెలువడింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయింది. మన సాహిత్యంలో చాలా వాటికి మొదటి అచ్చు పుస్తకంలో లేదు, పత్రిక సంచికలో ఉంది, ఆ సంచికలకు పోటీపడే సేకర్తలు ఇప్పటికీ తక్కువే.

చివరిగా తమ్ముడికి పంపడం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను, 75 ఏళ్లు దాటిన విలువైన వ్రాతప్రతులను, దస్తావేజులను వ్యక్తులు దేశం దాటించకూడదు. తాళపత్రాలు ఉంటే ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. అచ్చు పుస్తకం ఈ నిర్వచనంలోకి వస్తుందా అన్నది ప్రతిని బట్టి తేలవలసిన విషయం కనుక, పంపే ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. దానికి ముందు మీ ప్రతి ఏ ముద్రణో తేలాలి. కనుక ముందుగా ఏడవ అంకం మొదటి పుట, చివరి ఫారం అడుగున ఉన్న అంకె, వెనక అట్ట లోపలి వైపు ఉన్న ప్రకటనల జాబితా ఈ మూడింటిని ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి. ఆ జాబితాను బట్టి ఏ దశాబ్దమో చెప్పడానికి ప్రయత్నిస్తాను.